మచ్చలేని లైసెన్సు

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

నీ కూతురు కారు వేగంగా నడిపినందుకు ఎవరు నడిపారో రాసి పంపమంటూ చలానా వస్తే, నడిపింది నేనేనని నన్ను సంతకం పెట్టమని మొన్న ఫోనులో చెప్పావు. నా లైసెన్సు మీద ఒక్క మచ్చ కూడా లేదన్నావు. అది చేతికొచ్చాక నేను స్టీరింగు ముట్టుకుంటే కదరా మచ్చ పడడానికి!

నీ సలహా పిల్లకు చెప్పాను. "నేనే అని రాస్తే నా లైసెన్సు ఆర్నెల్లు పోతుంది నానమ్మా," అని గొణిగింది. "పోతుంది మరి," అన్నాను. కాసేపు నన్ను కొరకొరా చూసి, తన పేరే రాసి పంపింది. తర్వాత గది తలుపు వేసుకుని ఏడ్చింది. నేను ఓదార్చలేదు, భోజనం మాత్రం వేడిచేసి పెట్టాను.

ఇకనుంచి కాలేజీకి బస్సులో వెళ్తుంది. నువ్వు ఇంటికొచ్చాక తిట్టదలిస్తే వేగానికి తిట్టు, నిజం చెప్పినందుకు కాదు.

అమ్మ