జెముడుకాకి ఫొటో

విజయనగరం,
కార్తీక సోమవారం.

చిరంజీవి త్రినాథ్‌కి అప్ప దీవెనలు.

ఫోనులో మాట్లాడితే గది బయటికి వినబడుతుంది. అందుకే రాస్తున్నాను.

మీ బావగారు పోయాక, తెల్లవారి పార్కులో పిట్టలను చూసే ఆ గంటే నాకు ఊపిరి. నువ్వు కొనిచ్చిన ఫోనులో ఫొటోలు బాగా పడుతున్నాయి. పికిలిపిట్టలైతే నన్ను చూసి ఎగరడం కూడా మానేశాయి.

నెల రోజులుగా వెళ్ళడం లేదు. పెద్ద తమ్ముడు గణపతి కొత్తగా కాంట్రాక్టులు పట్టాడు. “అప్పా, నాను ఎల్లేదాకా గదిలోనే ఉండే. ఎదురొస్తే పని సెడతాదంట. తప్పుగా అనుకోకు” అన్నాడు. విధవ అనే మాట మాత్రం అనలేదు. ఐదింటికే లేచి వీధి గదిలో కూర్చుంటాడు. బయటికి పోవడానికి నాకు మరో దారి లేదు. వాడు కదిలేసరికి తొమ్మిది. అప్పటికి పార్కు గేటు మూసేస్తారు.

వాడు మాత్రం గుమ్మం దాటే ముందు ఫోనులో జెముడుకాకిని చూసుకుంటాడు, మంచి శకునమని. ఆ ఫొటో నేను తీసిందే. నిన్న తలుపు అవతల నిలబడి, “అప్పా, ఇది పాతదైపోనాది. ఇంకోటి తియ్యే” అన్నాడు.

“పిట్ట గదిలోకి రాదురా” అన్నాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

వాడితో తగువు పెట్టుకోకు. ఈసారి వచ్చినప్పుడు, అప్ప మొహం చూసి బయలుదేరిన రోజే నీ పని కలిసొచ్చిందని వాడి ముందు ఒక్కమాట అను. అబద్ధమే. ఆ పాపం నీకు కాకుండా నాకే ఇమ్మని, దీపం పెట్టి స్వామికి ముందే చెప్పుకున్నాను.

అప్ప