కోడలిని బస్సెక్కించు

దీనమ్మకు, ప్రభువు కృపవల్ల నేనూ అబ్బాయి జాషువా కాకినాడలో కులాసా.

వాడు పనిచేసే ల్యాబులో తొట్టినిండా ముళ్ళబంతుల్లాంటి సముద్రజీవులున్నాయి. "ఆడవి గుడ్లు, మగవి బీజం నీళ్ళలో వదులుతాయి నాన్నగారూ. దగ్గరగా ఉంటేనే కలుస్తాయి. దూరమైతే లక్షల గుడ్లయినా వృథాయేనండి," అన్నాడు. నాకు మన కోడలు సారిక గుర్తొచ్చింది. కడుపు పండలేదని ఆ పిల్లచేత శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేయిస్తున్నాం, ఇంటిపనికి కావాలని మొగుడి దగ్గరికి మాత్రం పంపం. సముద్రజీవులను విస్తరించమని దీవించిన దేవుడు వాటిని చెరో ఊళ్ళో పెట్టలేదు. ఉపవాసాలు ఆపు. ఈ కార్డు పోస్ట్‌మాన్ చదివినా చదవనీ, సోమవారం కోడలిని బస్సెక్కించు.

గేదె ఈనిందా? చిన్నమ్మాయి మెర్సీకి దీవెనలు. ఇక్కడున్నది ఒకటే గది. సారిక దిగగానే నేను అదే బస్సులో మండపేట వచ్చేస్తాను.

దేవదానం