'వంటశాల దండు' మీద కాగడా అభ్యంతరాలు

ఆటల పత్రికలో సమీక్షలు రాసే పెద్దమనిషి గారికి,

నమస్కారం. ఇది అలవాటు కొద్దీ పెట్టింది, గౌరవం కొద్దీ కాదు.

ఈ సంచికలో మీరు 'వంటశాల దండు' అనే కంప్యూటర్ ఆటని ఆకాశానికెత్తేసి పదికి ఎనిమిది మార్కులు వేశారు. అది ఏ ఆటలోంచి పుట్టిందో ఆ 'తిరుగుబాటు'కి ఈ ఏడాది మొదట్లో మీరు వేసింది మూడు! పైగా "ఇది ఆట కాదు, బొత్తాలు కుట్టిన కరపత్రం" అని రాశారు. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. ఎందుకు వచ్చో అడక్కండి.

'తిరుగుబాటు'లో వీరుడు కాగడా పట్టుకుని కోటగోడలు దూకుతాడు. ఆగడు, ఆలోచించడు, ఎదురొచ్చిన అన్యాయాన్నల్లా తంతాడు. అందులో ఓ మూల నిలబడి ఉల్లిపాయలు తరుక్కునే వంటవాళ్ళని బయటికి లాక్కొచ్చి, చదరంగం పావుల్లా గళ్ళలో నిలబెట్టి, "ఒకసారి నీ వంతు, ఒకసారి శత్రువు వంతు" అనడమా? కోటదొరకి వంతు ఇవ్వడమేమిటండీ! ఆయనగారు ఆలోచించుకుంటూ కూర్చుంటే విప్లవం వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడాలా?

ఏడాది చివర మీ పత్రిక బహుమతి ఏ ఆటకి వస్తే దానికే రెండో భాగం తీస్తామని ఈ రెండు ఆటలూ తీసిన కంపెనీ యజమాని అన్నాడట. అంటే మీ ఎనిమిది మార్కుల కింద పడి కాగడా ఆరిపోవాలన్నమాట! 'తిరుగుబాటు' చేసిన యువకుడెవరో నాకు తెలియదు. కానీ సొంత అక్క పెళ్ళిలో కూడా ఓ మూల కూర్చుని ఆ కథే రాసుకున్నాడని విన్నాను. కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. ఇప్పటికీ వంగలేకపోతున్నాను అంటాడు అతను.

మార్కులు తగ్గించాలని డిమాండ్ చేస్తున్నాను.

ప్రజల పక్షాన,
కాగడా

తా.క.: ఆడకుండా తిట్టడం అన్యాయమని ఆ ఆట నేనూ ఆడాను. అన్నం చల్లారిపోయింది. స్నానం మరిచిపోయాను. అమ్మ తలుపు బాదినా వినపడలేదు. మనిషిని ఇలా కుర్చీకి కట్టిపడేసే వస్తువు ప్రజావ్యతిరేకం కాక మరేమిటి?

* * *

చిరంజీవి కాగడాకి దీవెనలు.

నమస్కారం ఎలాంటిదైనా పుచ్చుకునే వయసు నాది. నీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. శత్రువుకీ వంతు ఉంటుందన్న దగ్గర ఆపమంది. "ఇన్నేళ్ళ కాపురంలో నాకెప్పుడైనా వచ్చిందా ఆ వంతు?" అని అడిగింది.

అప్పుడు తట్టింది నాయనా! ఎదుటివాడు చెప్పేది ఆసాంతం విన్నాకే నోరు విప్పాల్సిన యుద్ధం ఇదొక్కటే. ఎంత మాట! సమీక్ష రాసేటప్పుడు నాకిది అందలేదు. నీ పుణ్యమా అని అందింది కాబట్టి మార్కులు ఎనిమిదిన్నరకి సవరించాను. నీ తాజా కలాన్ని పాఠకుల పేజీలో మొట్టమొదట వేశాం, 'స్నానం మరిపించిన ఆట' అని శీర్షిక పెట్టి.

నీ మేలుకోరే
సమీక్షకుడు

తా.క.: ఆ శీర్షిక చూసి ఆట కొనుక్కున్నామని కొందరు రాశారు. స్నానాలు మానేసినట్టు మాత్రం ఎవరూ ఒప్పుకోవడం లేదు.

* * *

అయ్యా,

మార్కులు పెంచమని ఎవరేడ్చారు? నా నిరసనని దండలో పువ్వులా గుచ్చి శత్రువు మెడలో వేస్తారా? ఖండిస్తున్నాను. నిలబడి మరీ ఖండిస్తున్నాను.

సరే, నిజాలు వినండి. వంటవాళ్ళు గంగాళాల్లో కూర్చుని దొర్లుకుంటూ యుద్ధానికి వెళ్ళడం 'అపూర్వ కల్పన' అన్నారు కదా? అది కల్పన కాదు, చేతకానితనం! ముందు అక్కడ గుర్రాలుండేవి. వాటి కాళ్ళు గళ్ళలో ఇమడక చివరి నిమిషంలో పీకేసి, ఉన్న గంగాళాలు తెచ్చి పెట్టారు. ఇంకొకటి. వంటశాల ముసలమ్మ ప్రతి ఎత్తుకీ "ఉండు, ఆలోచించుకోనీ" అంటుంది చూడండి, దాన్ని మీరు 'జీవితం పండిన పాత్ర' అన్నారు. ఏం పండలేదు! లెక్క తేల్చడానికి యంత్రానికి సమయం పడుతుంది. అది కనిపించకుండా ముసలమ్మ నోట్లో ఆ మాట కుక్కారు.

ఇప్పుడు ఆ కంపెనీలో అందరూ దీన్ని చేసినవాడి బల్ల చుట్టూ మూగుతున్నారు. చోటు చాలక టీ కప్పులు తెచ్చి పక్కబల్ల మీద పెడుతున్నారు. ఆ పక్కబల్లవాడి గుండె ఎలా ఉంటుందో ఒక్కరైనా ఆలోచించారా? అతని కాగితాల మీదంతా గుండ్రటి మరకలు!

మండుతూ,
కాగడా

తా.క.: నాకు అసూయ అనుకునేరు. అసూయ ఆస్తిపరుల గుణం. నాది వర్గకోపం.

* * *

నాయనా కాగడా,

నువ్వెవరో నాకు తెలిసిపోయింది. గుర్రాల సంగతీ ముసలమ్మ గుట్టూ ఆ గదిలో కూర్చుని పనిచేసినవాడికి తప్ప తెలియవు. ఇక దాచకు. పక్కబల్ల గురించి రాసింది చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మా ఆవిడ కూడా "పాపం, ఎంత సున్నితమైన కుర్రాడో" అంది.

ధైర్యంగా అసలు పేరు రాసి పంపు. నేను చేయాల్సింది చేస్తాను.

నీ సమీక్షకుడు

తా.క.: లేనివాటి చోట ఉన్నవాటితో నెట్టుకొచ్చారని చదివాక ఆ గంగాళాల మీద గౌరవం రెట్టింపైంది. తొమ్మిది.

* * *

అయ్యా,

అవును, నేనే! పట్టుకున్నారు. ఇంత మంట కడుపులో పెట్టుకుని ముసుగు వేసుకోవడం నావల్ల కాలేదు. నేను దాక్కునేవాణ్ణి కాను. పేరూ చిరునామా విడికాగితం మీద రాశాను, అక్షరాలు పెద్దవిగానే రాశాను.

మీరు చేయాల్సింది చేస్తానన్నారు. న్యాయం చేయండి చాలు. కన్నవాడి బాధ మీకు అర్థమైందన్న ఒక్క మాటకే సగం కోపం దిగింది. మిగతా సగం బహుమతి ప్రకటించేదాకా అట్టే పెట్టుకుంటాను.

మొదటిసారి కొంచెం గౌరవంతో,
కాగడా

తా.క.: ఆ తొమ్మిది చూసి చేతిలో ఉన్న టీ కప్పు నేనే నా బల్ల మీద పెట్టుకున్నాను. ఇంకో మరక.

* * *

చిరంజీవికి శుభాకాంక్షలు!

న్యాయం జరిగింది. ఏడాది బహుమతి 'వంటశాల దండు'కే. సృష్టికర్తగా నీ పేరే అచ్చు వేశాం. నువ్వు రాసినంత పెద్ద అక్షరాల్లోనే! సొంత పనిలో తప్పులు ఏరి ఏరి ఊరందరికీ చూపించే కళాకారుణ్ణి నా బతుకులో మొదటిసారి చూశాను. అంత గెలుపులోనూ పక్కబల్లవాడి కాగితాల మీది మరకలకి బాధపడ్డావే, అది మామూలు మనసు కాదు. మీ యజమాని ఫోన్ చేశాడు. ఏ ఆట ఎవరు చేశారో ఆయనకీ మా పత్రిక చూశాకే తెలిసిందట. 'దండు' రెండో భాగం నీ చేతుల మీదుగానే తీస్తాడట. 'తిరుగుబాటు' కట్టిపెట్టేశారట. మంచిపని.

ఆనందంతో,
సమీక్షకుడు

తా.క.: ఎవడో 'నత్త' అట, మీ ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారట. ఆ ఆట చేసింది తనే అని ఉత్తరం రాశాడు. అసూయ మనిషిని ఎంతకి దిగజారుస్తుందో చూడు! చెత్తబుట్టలో పడేశాను. నువ్వేం మనసులో పెట్టుకోకు.

* * *

అయ్యా,

కొంప ముంచారు!

ఒకరి శ్రమఫలం ఇంకొకరు మింగడం గురించి నేను చదవని కరపత్రం లేదు. చదివినవన్నీ వీధివీధికీ పంచాను కూడా. ఇప్పుడు ఆ మింగేవాడి బొమ్మ స్థానంలో నా పేరు పెట్టారు మీరు!

'దండు' నత్తదే. గుర్రాలు పీకిందీ అతనే, గంగాళాలు పెట్టిందీ అతనే. నేను పక్కబల్లవాణ్ణి. ఆ బొత్తాలు కుట్టిన కరపత్రం నాది. మీరు మూడు మార్కులు వేసిన ఆ యువకుణ్ణి నేనే. నడుం నాదే, అక్క కూడా నాకే అక్క.

నత్త నిన్న నాతో మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడం కొత్తేం కాదు. ఎప్పుడూ ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తూనే ఉంటాడు. నిన్న మాత్రం ఆలోచించకుండానే మాట్లాడలేదు. "నేను వేయమనలేదురా నా పేరు, వాళ్ళే వేశారు" అంటే, కప్పు తీసుకుని వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

బహుమతి అతనికివ్వండి. రెండో భాగం అతని చేతే చేయించమనండి. నా కాగడా ఆరిపోతే పోనీ. అతని ఆట... బాగుంది. ఈ ఒక్క మాట రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో చూడటానికి రండి, గది నిండా ఉన్నాయి.

తల వంచుకుని,
మూడు మార్కులవాడు

తా.క.: బాగుంది అన్నాను గానీ, మరీ తొమ్మిది కాదు.

* * *

నాయనా,

నీ ఉత్తరం సంపాదకుడికి చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి మరోసారి చదివాడు.

ఒక అసూయపరుడి మనసు నొచ్చుకోకూడదని చేతికొచ్చిన బహుమతి వదులుకోవడం ఒక ఎత్తు. దానికోసం 'తిరుగుబాటు' లాంటి ఘోరాన్ని నాదే అని నెత్తిన వేసుకోవడం ఇంకో ఎత్తు! అబద్ధం కూడా నీకు చేతకాలేదు. అది నువ్వు చేసింది కాదని నీ ఉత్తరాలే చెబుతున్నాయి. ఇన్ని నవ్వులు రాయగలవాడు అందులో ఒక్కటైనా పెట్టకుండా ఉంటాడా? మా ఆవిడ మాత్రం "ఆ అబ్బాయి నిజమే చెబుతున్నాడేమో" అంటోంది. ఆమెకి మనుషుల్ని చదవడం రాదు.

పదికి పది. మా పత్రిక చరిత్రలో ఇదే మొదలు. సభకి వచ్చేయ్, రెండో భాగం గురించి నాలుగు మాటలు మాట్లాడు. బహుమతి అతనికివ్వమన్న నీ సవరణ మాత్రం పత్రికలో వేయం.

నీకు సదా రుణపడిన
సమీక్షకుడు

తా.క.: ఆ నత్త నిన్న మా ఆఫీసుకే వచ్చాడు. "నేనే చేశానంటున్నావు కదా, ఆ ఆటలో లోపం ఒక్కటంటే ఒక్కటి చెప్పు" అన్నాను. కుర్చీలో కూర్చుని, పైకప్పు చూసి, నేల చూసి, చివరికి "ఏమీ లేదండీ, బాగానే వచ్చింది" అన్నాడు. అక్కడే దొరికిపోయాడు దొంగ!