ఆరు డిస్కులు

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమ్మ నిన్ను చూడాలని ఒకటే గొడవ. నువ్వు నడుస్తూ, నవ్వుతూ ఉన్నది నా పెళ్లి క్యాసెట్ ఒక్కదానిలోనే. మొన్న దాన్ని డిస్కుల్లోకి ఎక్కించడానికి పద్మారావు నగర్‌లో షాపుకు తీసుకెళ్లాను.

"ఏ క్వాలిటీ పెట్టమంటరు సార్? తక్కువ పెడితే అంత ఒక్క డిస్కుల పడతది. ఎక్కువ పెడితే ఆరైతయి."

అన్నిటికంటే ఎక్కువదే పెట్టమన్నాను. అతను టేపు కాసేపు ఆడించి చూశాడు.

"టేపుల లేంది డిస్కుల ఎట్లొస్తది సార్? ఎవరో స్లో స్పీడ్‌ల కాపీ కొట్టిండ్రు, అందుకే బొమ్మ మసకైంది."

ఆ ఎవరో నేనే. రెండు క్యాసెట్ల పెళ్లిని ఒక్కదానిలో ఇరికించి, అసలువాటి మీద క్రికెట్ మ్యాచ్‌లు రికార్డు చేసుకున్న తెలివి నాది. "అన్నా, జెర ఆగు, కొత్త క్యాసెట్ తెచ్చుకుందాం" అన్నావు. విన్నానా?

ఇవాళ డిస్కు పెట్టాను. నువ్వు మా ఇద్దరికీ కొంగుముడి వేస్తున్నావు. అమ్మ కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుంది.

"దీంట్ల నా బిడ్డ ఏదిరా?"

ఆ మసకలో నీ ముఖం నాకూ కనబడలేదు. ఆకుపచ్చ చీర అని చెప్పాను.

అన్న