మరమురెష్‌లో మంచు వాసన

కల్వకుర్తి,
12 ఆగస్టు 2018

నాయినా,

ఎప్పుడూ "నా బంగారు నాయినకు" అని మొదలుపెట్టేదాన్ని. ఈసారి చెయ్యి రాలేదు.

మొన్న కాలేజీలో నచ్చిన ప్రాంతం గురించి మాట్లాడమన్నారు. నేను రొమేనియాలోని మరమురెష్ గురించి చెప్పాను. మా నాయిన రెండేళ్లుగా అక్కడే వడ్రంగి పని చేస్తున్నాడని గొప్పగా మొదలుపెట్టాను. నీ ఉత్తరాలు నాకు కంఠతా వచ్చు కదా. కొండల మధ్య ఈజా లోయ, గుంజ చుట్టూ పేర్చిన గడ్డివాములు, సూర్యుణ్ణీ పేనిన తాడునూ చెక్కిన పెద్ద పెద్ద చెక్క గేట్లు, ఒక్క మేకు లేకుండా కట్టిన చర్చిలు, అన్నీ చెప్పాను. చివర్లో "టీసా నది దాటితే సోవియట్ దేశం, మా నాయిన రోజూ ఆ ఒడ్డును చూస్తాడు" అన్నాను. పుష్ప మేడం మెల్లగా, "ఎస్తేరూ, సోవియట్ దేశం నువ్వు పుట్టకముందే పోయింది కదమ్మా. అవతల ఉన్నది ఉక్రెయిన్" అన్నారు. క్లాసంతా నవ్వింది. భూగోళం చదివే పిల్లనై ఉండి, నువ్వు రాశావు కదా అని మ్యాపు కూడా చూసుకోలేదు.

ఇంటికొచ్చి అమ్మను నిలదీశాను. రొట్టె కొడుతూ తల ఎత్తలేదు. "మీ నాయిన యాడికీ పోలే బిడ్డా. ఏజెంటు మోసం చేసిండు. సాగర్ కట్ట కాడ, నందికొండల, చేపల పని చేస్తున్నడు. ఆడ లైబ్రరీల పాత పుస్తకం చూసి రాస్తడు" అంది.

నందికొండ! మూడు గంటల బస్సు ప్రయాణం. రొమేనియా అడవిలో ఫోన్ అందదంటే నమ్మాను. నీ ఉత్తరాలు ఏజెంటు ఆఫీసు నుంచి తెచ్చానని అమ్మ ఇస్తే నమ్మాను. నావి ఆమె చేతికే ఇచ్చాను. నీకు చలి తగలకూడదని ప్రతి ఆదివారం ప్రార్థన చేశాను. నువ్వేమో సాగర్ ఎండలో ఉన్నావు. నిన్ను మోసం చేసినవాడు పరాయివాడు. నన్ను మోసం చేసినవాళ్లు మా అమ్మా నాయినలు.

అక్కడ మంచు వాసన ఎలా ఉంటుందని మూడు ఉత్తరాల్లో అడిగాను. నువ్వు జవాబు రాయలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆ పుస్తకంలో లేదు కదా?

ఇంక నాకు రాయకు.

ఎస్తేరు


నందికొండ,
17 ఆగస్టు

నా తల్లి ఎస్తేరుకు,

రాయొద్దన్నావు. ఇదొక్కటి చదివి చించెయ్యి.

ఊరంతా వచ్చి నన్ను బస్సెక్కించారు. శంషాబాద్‌లో నాది దొంగ వీసా అని తేలాక ఏ ముఖం పెట్టుకుని తిరిగి రావాలి? అప్పుడు నీకు ఇంటర్ పరీక్షలు. "పరీక్షలు అయినంక చెప్పుదాం" అంది మీ అమ్మ. మొదటి ఉత్తరం అందుకే రాశాను. నువ్వు పది ప్రశ్నలు అడిగావు. ఏడో తరగతి చదివినవాణ్ని, నీకు జవాబు చెప్పడానికి ఆ పుస్తకం అట్ట ఊడిపోయేదాకా చదివాను. నిజం చెబుదామనుకున్న ప్రతిసారీ నీ కొత్త ఉత్తరం వచ్చేది. నీకు ఆ దేశం ముచ్చట్లు నచ్చాయి, నాకు నీ ముందర పెద్దవాణ్ని కావడం నచ్చింది. తప్పు నాదే. మీ అమ్మను ఏమీ అనకు.

మంచు సంగతి పుస్తకంలో లేదన్నది నిజమే. నువ్వు మొదటిసారి అడిగినప్పుడు, చేపలకు ఐసు కొట్టే గదిలోకి పోయి దిమ్మ మీద ముక్కు ఆనించి నిలబడ్డాను. నాతో పనిచేసే ఐలేశం చూసి, "ఏందయ్యా యోహాను, పిచ్చి లేసిందా?" అని నవ్వాడు. చేపల వాసన తప్ప ఏమీ రాలేదు. మర్నాడు పొద్దున్నే, పడవలు రాకముందు మళ్లీ పోయాను. అప్పుడూ చేపల వాసనే.

రెండేళ్లలో నీకు ఎన్నో అబద్ధాలు రాశాను బిడ్డా. ఆ ఒక్కటి మాత్రం రాయలేకపోయాను.

నాయిన,
యోహాను