తల్లిని చూపించిన ఇల్లు

సరోజా,

నిన్నటితో నీ సంవత్సరీకం అయిపోయింది. ఒళ్లంతా అలసటగా ఉంది. అయినా నీకిది చెప్పాలి.

నువ్వు పోయాక నాకు తోడుగా ఉంటుందని మన అమ్మాయి లత మదనపల్లెలో ఒక షాపు నుంచి కుక్కపిల్లను కొనుక్కొచ్చింది. వచ్చిన రోజు నుంచే దానికి రక్తవిరేచనాలు. డాక్టరు చుట్టూ తిరిగినా బతకలేదు. దాని తల్లి ఎక్కడుందని షాపతన్ని అడిగాను.

"యాడాడ్నుంచో బాక్సుల్లో వస్తాయప్పా. తల్లి సంగతి నాకేం తెలుసు? ఇంకోటి తీసుకో" అన్నాడు.

వద్దని వచ్చేశాను. ఇక కుక్క మాటే ఎత్తొద్దని లతకు చెప్పాను. అది వినలేదు. ఈరోజు పుంగనూరులో ఒకామె ఇంటికి తీసుకుపోయింది. వీధికుక్క ఒకటి ఆమె వరండాలో పిల్లలు పెట్టింది. ఆమె ముందుగా తల్లికుక్కను చూపించింది.

"పిల్ల పాలు మరిచేదాకా ఇయ్యనప్పా. మీ ఇంట్లో పగలంతా ఎవురుంటారు?" అని అడిగింది.

లత నా ముఖం చూసింది.

"నేనొక్కణ్ణే ఉంటానమ్మా" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"అట్లాంటి ఇల్లే కావాల దీనికి. వచ్చే నెల రాప్పా" అంది.

వెళ్లి తెచ్చుకుంటాను, సరోజా.