అమ్మమ్మ సీటు లెక్క

విజయేందర్,

లేవగానే మోటార్ వేసి ట్యాంకు నింపు. పప్పు వేడి చేసి బాపుకు పెట్టు. తర్వాత డ్రైవర్ ఇస్తారి అన్నకు ఫోన్ చేసి, ఎల్లుండి వేములవాడ పోవడానికి ఇంకో సీటు కావాలని చెప్పు.

బండి సీట్ల లెక్కకు నువ్వు చేసిన ఎక్సెల్ షీట్‌లో తప్పు దొరికింది. పెద్దమనిషి పేరు కింద ఉండొద్దని అమ్మమ్మను అందరికన్నా పైన కొత్త వరుసలో చేర్చావు. మొత్తం కూడే ఫార్ములా మాత్రం ఆమె కింది వరుస నుంచే మొదలవుతోంది. మర్యాద చేసి మనిషిని వదిలేశావురా. నేను సరిచేశాను.

"బండిల జాగ లేకుంటే నేను ఇంటికాడనే ఉంట తీయి బిడ్డా" అని అమ్మమ్మ నిన్న ఫోన్లో అన్నది. సంచి మాత్రం అప్పుడే సర్దుకుందట.

బస్సు టైమైంది, పోతున్నా.
అక్క

బండిలో కిటికీ పక్కన ఇంకెవరూ కూర్చోకముందే అమ్మమ్మను అక్కడ కూర్చోబెట్టడం జర యాదుంచుకో.